గుండె వాల్వ్‌కు రెండోసారి ఆపరేషన్: రోబో సర్జరీ ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు?

పదేళ్ల కిందటో పదిహేనేళ్ల కిందటో గుండె వాల్వ్ మార్పించుకున్న మనిషి. ఇన్నాళ్లూ బాగానే తిరిగారు. ఈ మధ్య నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకుంటే దగ్గు, సాయంత్రానికి కాళ్ల వాపు. ఎకో తీసిన డాక్టర్ 'వాల్వ్ పాడైంది, మళ్లీ ఆపరేషన్ చేయాలి' అన్నారు. ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: ఛాతీ మళ్లీ కోస్తారా, ఈ వయసులో తట్టుకుంటారా? అంతలో ఎవరో బంధువు ఫోన్ చేసి 'ఇప్పుడు రోబోతో చేస్తున్నారట, పెద్ద కోత కూడా ఉండదట' అంటారు.

ఇక్కడే చాలా కుటుంబాలు తికమక పడతాయి. కొందరు భయంతో ఆపరేషన్‌ను నెలల తరబడి వాయిదా వేస్తారు. కొందరు రోబో అయితేనే బతుకుతారని నమ్మి నగలు, స్థలాలు అమ్మకానికి పెడతారు. రోబో సర్జరీ కొందరు పేషెంట్లకు నిజంగానే మేలైన దారి. మరికొందరికి అసలు పనికిరాదు. పాడైన వాల్వ్ ఏది, మొదటి ఆపరేషన్ ఎలా జరిగింది, ఇప్పుడు గుండె పరిస్థితి ఏమిటి అన్నదాన్ని బట్టి అది తేలుతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ.

వాల్వ్ ఎందుకు పాడవుతుంది?

గుండెలో నాలుగు వాల్వ్‌లు ఉంటాయి: మైట్రల్, అయోర్టిక్, ట్రైకస్పిడ్, పల్మనరీ. ఇవి తలుపుల్లాంటివి. రక్తాన్ని ఒకవైపే పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. అంటే ఈ తలుపులు కూడా రోజుకు అన్నిసార్లు తెరుచుకుని మూసుకోవాలి. తలుపు సరిగా తెరుచుకోకపోతే 'స్టెనోసిస్' అంటారు. సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారితే 'రిగర్జిటేషన్' లేదా లీక్ అంటారు.

మన దేశంలో చిన్న వయసులోనే వాల్వ్ పాడవడానికి ముఖ్య కారణం రుమాటిక్ జ్వరం. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఒక రకం స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా వల్ల గొంతు నొప్పి వస్తుంది. దానికి సరైన మందు పడకపోతే కొన్ని వారాల తర్వాత కీళ్ల నొప్పులు, జ్వరం వస్తాయి, గుండె వాల్వ్‌లూ దెబ్బతింటాయి. ఇరుకు ఇళ్లలో ఎక్కువమంది కలిసి ఉండే చోట ఈ బ్యాక్టీరియా తొందరగా పాకుతుంది. ఎక్కువగా దెబ్బతినేది మైట్రల్ వాల్వ్. పెద్ద వయసులో వచ్చే సమస్య వేరు. అప్పుడు అయోర్టిక్ వాల్వ్ మీద కాల్షియం పేరుకుని అది గట్టిపడుతుంది.

మొదటి ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

మూడు రకాల చికిత్సలు ఉన్నాయి. ఒకటి, ఇరుకైన మైట్రల్ వాల్వ్‌ను బెలూన్‌తో వెడల్పు చేయడం. తొడ దగ్గరి రక్తనాళం గుండా చేసే ఈ పద్ధతిని జపాన్ సర్జన్ కాంజీ ఇనోవే 1980ల్లో రూపొందించారు. రెండు, ఉన్న వాల్వ్‌నే ఆపరేషన్‌తో రిపేర్ చేయడం. మూడు, పాత వాల్వ్ తీసేసి కృత్రిమ వాల్వ్ కుట్టడం. మనిషి గుండెలో కృత్రిమ వాల్వ్ పెట్టి విజయం సాధించిన తొలి ఆపరేషన్లు 1960లో అమెరికాలో జరిగాయి.

కృత్రిమ వాల్వ్‌లు రెండు రకాలు. మొదటిది మెకానికల్ వాల్వ్, అంటే లోహం, కార్బన్ వంటి పదార్థాలతో చేసినది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ తయారుచేసిన చిత్ర వాల్వ్ ఈ రకమే. 1990 డిసెంబర్‌లో మొదటిసారి పేషెంట్‌కు అమర్చిన ఈ వాల్వ్, విదేశీ వాల్వ్ కొనలేని ఎన్నో కుటుంబాలకు ఆధారమైంది. మెకానికల్ వాల్వ్ చాలా ఏళ్లు మన్నుతుంది. కానీ దాని మీద రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లేదా అసిట్రోమ్ వంటి మాత్ర జీవితాంతం వేసుకోవాలి.

రెండోది టిష్యూ వాల్వ్. ఆవు జాతి పశువుల గుండె చుట్టూ ఉండే పొరతో గానీ, పంది వాల్వ్‌తో గానీ తయారవుతుంది. దీనికి జీవితాంతం రక్తం పలుచన చేసే మాత్ర సాధారణంగా అవసరం ఉండదు. కానీ ఇది అరుగుతుంది. మామూలుగా 10 నుంచి 15 ఏళ్లు పనిచేస్తుంది. వయసు తక్కువ ఉన్నవారిలో ఇంకా ముందే పాడవుతుంది.

ఇక్కడ ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వార్ఫరిన్ మాత్ర గర్భంలోని బిడ్డకు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, హాని చేయగలదు. అందుకే పెళ్లి, పిల్లలు ఇంకా ముందున్న యువతులకు చాలాసార్లు టిష్యూ వాల్వ్ పెడతారు. ఇరవై ఐదేళ్లకు పెట్టిన ఆ వాల్వ్ ముప్పై ఐదు, నలభై ఏళ్లకల్లా మార్చాల్సి రావచ్చు. ఇది మొదటి ఆపరేషన్ తప్పు కాదు. బిడ్డల కోసం తెలిసి తీసుకున్న నిర్ణయం. అయితే ఆ సంగతి చాలాసార్లు అత్తింట్లో ఎవరికీ తెలియదు, ఒక్కోసారి పేషెంట్‌కు కూడా ఎవరూ వివరించి ఉండరు. దాంతో రెండో ఆపరేషన్ మాట పిడుగులా పడుతుంది.

మళ్లీ ఆపరేషన్ ఎందుకు అవసరమవుతుంది?

టిష్యూ వాల్వ్ అరిగిపోవడం ఒక కారణం. మెకానికల్ వాల్వ్‌లో గడ్డకట్టడం, లేదా దాని చుట్టూ కండ పెరిగి కదలిక ఆగిపోవడం ఇంకో కారణం. మాత్రలు మానేసినవాళ్లలో గడ్డ సమస్య ఎక్కువ. వాల్వ్ అంచున కుట్టు వదులై పక్కనుంచి రక్తం కారవచ్చు. రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరి వాల్వ్‌కు పట్టవచ్చు, దీన్ని ఎండోకార్డైటిస్ అంటారు. రిపేర్ చేసిన వాల్వ్ మళ్లీ లీక్ కావచ్చు. మైట్రల్ వాల్వ్ మార్చిన కొన్నేళ్లకు ట్రైకస్పిడ్ వాల్వ్ లీక్ మొదలవడం కూడా రుమాటిక్ పేషెంట్లలో తరచూ కనిపిస్తుంది.

మెకానికల్ వాల్వ్ ఉన్నవారికి ఒక ముఖ్య సూచన. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఛాతీలోంచి గడియారంలా 'టిక్ టిక్' శబ్దం వినిపించడం వారికి అలవాటే. ఆ శబ్దం ఉన్నట్టుండి మందగించినా, ఆగినా, దానితో పాటు ఆయాసం వచ్చినా అది ఎమర్జెన్సీ. తెల్లారేదాకా ఆగకూడదు. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చేయి పట్టు తప్పడం కూడా అలాంటివే.

రెండోసారి ఎందుకు కష్టం?

మొదటిసారి చాలామందికి ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి ఆపరేషన్ చేసి ఉంటారు. తర్వాత ఆ ఎముకను స్టీల్ తీగలతో కట్టేస్తారు. మానే క్రమంలో గుండె, దాని చుట్టుపక్కల నరాలు, ఎముక వెనుక భాగం ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వీటిని అతుకులు అంటారు. రెండోసారి అదే ఎముకను రంపంతో తెరిచేటప్పుడు, వెనకే అతుక్కుని ఉన్న కుడి జఠరికకో, పెద్ద రక్తనాళానికో గాయమైతే ఒక్కసారిగా రక్తం పోతుంది. ఇంతకుముందు బైపాస్ కూడా జరిగి ఉంటే, ఎముక కిందుగా పోయే గ్రాఫ్ట్ తెగే ప్రమాదం ఉంది.

అలాగని రెండో ఆపరేషన్ అంటే ప్రాణం పోయినట్టే అనుకోవడం తప్పు. సర్జన్లు ముందే సీటీ స్కాన్ తీసి ఎముకకు, గుండెకు మధ్య ఎంత సందు ఉందో చూసుకుంటారు. అవసరమైతే ఛాతీ తెరవకముందే తొడ దగ్గరి రక్తనాళాల ద్వారా హార్ట్-లంగ్ మెషీన్‌కు కలిపి పెట్టుకుంటారు. ఇలా సిద్ధమై, పేషెంట్ నిలకడగా ఉన్నప్పుడు చేసే ఆపరేషన్ వేరు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, బీపీ పడిపోయి, కిడ్నీలు దెబ్బతిన్నాక అర్ధరాత్రి హడావిడిగా చేసే ఆపరేషన్ వేరు. రెండో సందర్భంలో ప్రాణాపాయం చాలా ఎక్కువ.

రోబో అంటే ఏమిటి?

రోబో తనంతట తాను ఆపరేషన్ చేయదు. సర్జన్ అదే గదిలో, కొన్ని అడుగుల దూరంలో ఉన్న కన్సోల్ దగ్గర కూర్చుంటారు. పేషెంట్ పక్కన యంత్రం చేతులు ఉంటాయి. ఒకదానికి కెమెరా, మిగతావాటికి సన్నని పనిముట్లు. సర్జన్ వేళ్లు కదిపినట్టే లోపల ఆ పనిముట్లు కదులుతాయి. చేతి వణుకును యంత్రం వడకడుతుంది. కెమెరా లోపలి భాగాన్ని దాదాపు పది రెట్లు పెద్దదిగా, లోతు తెలిసేలా చూపిస్తుంది. పనిముట్ల కొస మనిషి మణికట్టులా అన్నివైపులా తిరుగుతుంది. పేషెంట్ పక్కన మరో సర్జన్ నిలబడే ఉంటారు.

ఈ పని ఇప్పుడిప్పుడే మొదలైందేమీ కాదు. 1998లో పారిస్‌లో అలెన్ కార్పెంటియర్ బృందం డావిన్సీ రోబో తొలి నమూనాతో మైట్రల్ వాల్వ్ రిపేర్ చేసింది. 2000లో అమెరికాలోని నార్త్ కరోలినాలో రాండాల్ఫ్ చిట్‌వుడ్ ఆ పద్ధతిని మొదలుపెట్టారు. 2002లో అమెరికా ఎఫ్‌డీఏ మైట్రల్ వాల్వ్ ఆపరేషన్లకు డావిన్సీని అనుమతించింది. అయోర్టిక్ వాల్వ్‌ను రోబోతో మార్చడం మాత్రం ఇంకా కొత్త విషయమే. 2020 నుంచి వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వంటి కొద్ది చోట్ల అది పుంజుకుంది. మన దేశంలో గురుగ్రామ్‌లో తయారయ్యే 'ఎస్ఎస్ఐ మంత్ర' రోబోను కూడా గుండె ఆపరేషన్లకు వాడుతున్నారు.

రెండోసారి ఆపరేషన్‌లో రోబో ఎలా సాయపడుతుంది?

అసలు సంగతి దారిలో ఉంది. మైట్రల్, ట్రైకస్పిడ్ వాల్వ్‌లను ఛాతీ కుడి పక్కనుంచి చేరుకోవచ్చు. మొదటి ఆపరేషన్ ఛాతీ మధ్యనుంచి జరిగింది కాబట్టి అతుకులు ఎక్కువగా అక్కడే ఉంటాయి. కుడి పక్కన పక్కటెముకల మధ్య నుంచి పోతే, అతుక్కుపోయిన ఎముకను మళ్లీ తెరవాల్సిన పని తప్పుతుంది. ముందు తలుపు బిగుసుకుపోతే పక్క తలుపు నుంచి ఇంట్లోకి వెళ్లినట్టు.

ఆపరేషన్ సుమారుగా ఇలా సాగుతుంది. పేషెంట్‌కు పూర్తి మత్తు ఇస్తారు. అవసరమైనప్పుడు కుడి ఊపిరితిత్తికి గాలి ఆపేసేందుకు వీలైన ప్రత్యేక గొట్టం పెడతారు. తొడ దగ్గర చిన్న కోతతో ధమనిలో, సిరలో గొట్టాలు వేసి హార్ట్-లంగ్ మెషీన్‌కు కలుపుతారు. కుడి పక్కటెముకల మధ్య 8 మిల్లీమీటర్ల దాకా ఉండే కొన్ని రంధ్రాలు, ఒక 3, 4 సెంటీమీటర్ల కోత పెడతారు. దారిలో ఉన్న అతుకులను రోబో పనిముట్లతో నెమ్మదిగా విడదీస్తారు. తర్వాత గుండెను మందుతో ఆపుతారు. లేదా మహాధమని చుట్టూ అతుకులు ఎక్కువగా ఉంటే, దానికి క్లాంప్ వేయకుండా శరీరాన్ని చల్లబరిచి, గుండె కొట్టుకోకుండా కేవలం వణికే స్థితిలో ఉంచి పని చేస్తారు. ఎడమ కర్ణిక తెరిచి, పాత వాల్వ్ తీసి, కొత్తది కుట్టేస్తారు. చివర్లో అన్నవాహిక గుండా పెట్టిన ఎకో పరికరంతో వాల్వ్ సరిగా పనిచేస్తోందో లేదో చూశాకే మెషీన్ నుంచి తప్పిస్తారు.

అంటే 'కోత లేని ఆపరేషన్' అన్న మాట నిజం కాదు. బయటి కోత చిన్నదవుతుంది. లోపల జరిగేది మాత్రం పెద్ద ఆపరేషనే. హార్ట్-లంగ్ మెషీన్ ఉంటుంది, ఐసీయూ ఉంటుంది.

లాభాలు, పరిమితులు

సరైన పేషెంట్‌కు, అనుభవం ఉన్న బృందం చేస్తే లాభాలు స్పష్టం. ఎముక కోయరు కాబట్టి ఎముక ఇన్ఫెక్షన్ భయం ఉండదు. రక్తం తక్కువ పోతుంది, ఎక్కించాల్సిన రక్తం కూడా తగ్గుతుంది. తొందరగా లేచి తిరుగుతారు. మచ్చ పక్కకు ఉంటుంది.

పరిమితులు కూడా అంతే స్పష్టం. మెషీన్ మీద ఉండే సమయం పెరగవచ్చు. ప్రస్తుతం వాడుకలో ఉన్న చాలా రోబోల్లో సర్జన్ చేతికి స్పర్శ తెలియదు, కళ్లతో చూసే అంచనా వేయాలి. తొడ రక్తనాళానికి గాయం, పక్షవాతం వంటి ప్రమాదాలు అరుదైనా ఉంటాయి. మధ్యలో ఏదైనా తేడా వస్తే రోబో తీసేసి ఛాతీ తెరవాల్సి రావచ్చు. సంతకం పెట్టే కాగితంలో ఆ సంగతి రాసే ఉంటుంది. ఇంటివాళ్లు దాన్ని ముందే చదవాలి. ఎందుకంటే మధ్యలో పద్ధతి మార్చడం వైఫల్యం కాదు, ప్రాణం కాపాడే నిర్ణయం.

ఎవరికి పనికిరాకపోవచ్చు?

మొదటి ఆపరేషన్ కుడి పక్కనుంచే జరిగినవారికి, లేదా కుడి ఊపిరితిత్తికి టీబీ వంటి జబ్బు వచ్చి అక్కడ గట్టిగా అతుక్కుపోయినవారికి ఈ దారి కష్టం. తొడ, పొట్టలోని రక్తనాళాలు పూడుకుపోయినవారికి అక్కడి నుంచి గొట్టాలు వేయలేరు. అయోర్టిక్ వాల్వ్ కూడా బాగా లీక్ అవుతుంటే గుండెను కాపాడుకుంటూ పని చేయడం ఇబ్బంది. ఊపిరితిత్తులు బాగా బలహీనంగా ఉన్నవారికి ఒక పక్క గాలి ఆపడం ప్రమాదం. వాల్వ్ చుట్టూ చీము గూడు కట్టినప్పుడు, రెండు మూడు వాల్వ్‌లతో పాటు బైపాస్ కూడా చేయాల్సినప్పుడు చాలామంది సర్జన్లు ఛాతీ మధ్యనుంచే చేయడానికి మొగ్గు చూపుతారు. 'మీకు రోబో వద్దు' అని డాక్టర్ చెప్పారంటే ఆయనకు చేతకాక అని అనుకోనక్కర్లేదు.

రోబో కాకుండా ఇంకే దారులున్నాయి?

రోబో లేకుండానే, కుడి పక్కన కొంచెం పెద్ద కోతతో పొడవాటి పనిముట్లు వాడి చేసే మినిమల్ సర్జరీ ఉంది. దారి దాదాపు ఒకటే, ఖర్చు తక్కువ. రోబో అందుబాటులో లేదని బాధపడేవారు ముందు దీని గురించి అడగాలి.

ఇంకోటి 'వాల్వ్-ఇన్-వాల్వ్'. పాత టిష్యూ వాల్వ్ లోపలే, తొడ దగ్గరి నరం గుండా ముడిచిన కొత్త వాల్వ్‌ను తీసుకెళ్లి విప్పుతారు. ఛాతీ తెరవరు, గుండెను ఆపరు. కేథటర్‌తో వాల్వ్ పెట్టే విధానాన్ని 2002లో ఫ్రాన్స్‌లో అలెన్ క్రిబియే మొదలుపెట్టారు. గుజరాత్‌లో తయారయ్యే 'మైవాల్' వంటి స్వదేశీ కేథటర్ వాల్వ్‌లు ఇప్పుడు ఉన్నాయి. వయసు మళ్లినవారికి, ఆపరేషన్ తట్టుకోలేనివారికి ఇది మంచి అవకాశం. కానీ మెకానికల్ వాల్వ్ లోపల దీన్ని పెట్టలేరు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు సాధారణంగా పెట్టరు. పాత వాల్వ్ సైజు చిన్నదైతే లోపల ఇంకోటి పెట్టడం వల్ల దారి మరీ ఇరుకవుతుంది. అందుకే మొదటి ఆపరేషన్ డిశ్చార్జ్ కాగితం, వాల్వ్ కంపెనీ పేరు, సైజు ఉన్న కార్డు జాగ్రత్తగా దాచుకోవాలి. ఆ చిన్న కార్డు లేకపోతే డాక్టర్లు అంచనాలతో మొదలుపెట్టాల్సి వస్తుంది.

మెకానికల్ వాల్వ్‌లో గడ్డ పట్టినప్పుడు కొందరికి ఇంజెక్షన్‌తోనే గడ్డ కరిగిస్తారు. పక్కనుంచి లీక్ అయ్యే రంధ్రాన్ని కొందరికి కేథటర్‌తో మూసేస్తారు. ఇక ఛాతీ మధ్యనుంచి చేసే పాత పద్ధతి నేటికీ చాలామందికి సరైన, నమ్మకమైన ఆపరేషన్.

పంది వాల్వ్, హెపారిన్: షరియత్ మాట ఏమిటి?

చాలా ఇళ్లలో ఈ ప్రశ్న ఆపరేషన్ ముందురోజు రాత్రి వస్తుంది. ముందే అడిగితే సులువు. ఆవు జాతి పశువుల పొరతో చేసిన వాల్వ్‌లు, మెకానికల్ వాల్వ్‌లు దొరుకుతాయి కాబట్టి 'పంది వాల్వ్ వద్దు' అని సర్జన్‌కు మొదటి రోజే చెప్పవచ్చు. వారు దాన్ని అర్థం చేసుకుంటారు. గత్యంతరం లేని స్థితికి సడలింపు ఉందన్నది సూరా అల్-బఖరా 173వ ఆయత్ ఆధారంగా ఉలమా చెప్పే సూత్రం. ప్రాణం మీదికి వచ్చి వేరే దారి లేనప్పుడు వాడటానికి ఎందరో ఉలమా అనుమతిస్తారు.

చాలామందికి తెలియని విషయం ఇంకోటి ఉంది. హార్ట్-లంగ్ మెషీన్ నడిపేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కువగా పంది పేగు పొర నుంచే తయారవుతుంది. మామూలుగా గుండె ఆపరేషన్‌లో దాని బదులు వాడేందుకు సులువైన మందు లేదు. పద్ధతి ఏదైనా, రోబో అయినా కాకపోయినా, ఈ మందు తప్పదు. మనసులో సందేహం ఉన్నవాళ్లు ఆపరేషన్ తేదీ కంటే ముందే తమకు నమ్మకం ఉన్న ముఫ్తీ సాబ్‌ను అడిగి స్థిమితపడటం మంచిది. థియేటర్ తలుపు దగ్గర చర్చ పేషెంట్ ధైర్యాన్ని పోగొడుతుంది.

ఖర్చు లెక్క

రోబో వాడితే దాని పనిముట్ల ఖర్చు విడిగా పడుతుంది. ఆ పనిముట్లను లెక్కపెట్టినన్ని సార్లు మాత్రమే వాడగలరు. అందుకే బిల్లు పెరుగుతుంది. ఎస్టిమేట్ అడిగినప్పుడు వాల్వ్ ధర, రోబో చార్జీ, ఐసీయూ రోజులు, రక్తం, మందులు వేర్వేరుగా రాసి ఇవ్వమనాలి. మధ్యలో ఛాతీ తెరవాల్సి వస్తే ఎంత అవుతుందో కూడా అడగాలి.

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది. వాల్వ్ మార్పిడి ఈ పథకాల్లో ఉన్న చికిత్సే. అయితే పరిమితి పెద్దదైనంత మాత్రాన రోబో చార్జీ అందులో కలిసిపోతుందని అనుకోకూడదు. ప్రతి ఆపరేషన్‌కు ప్యాకేజీ ధర విడిగా ఉంటుంది. ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తేల్చుకోవాలి. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద రూ.5 లక్షల కార్డు ఉంది. ముఖ్యమంత్రి సహాయ నిధికి, జకాత్ సాయానికి దరఖాస్తు చేసేవారికి కూడా ఆస్పత్రి ముద్ర ఉన్న ఎస్టిమేట్ కాగితమే ఆధారం.

ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవారు రెండు విషయాలు చూడాలి. రోబో సర్జరీని పూర్తిగా కాదనడానికి ఐఆర్‌డీఏఐ నిబంధనలు ఒప్పుకోవు, కానీ కంపెనీ దానికి ఒక ఉపపరిమితి పెట్టవచ్చు. పాలసీలో 'సబ్ లిమిట్' అని రాసిన చోట చూడాలి. ఇక ముందే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలు. పాలసీ తీసుకునేటప్పుడు పాత వాల్వ్ ఆపరేషన్ సంగతి దాస్తే, క్లెయిమ్ రోజున అదే మెడకు చుట్టుకుంటుంది.

ఆస్పత్రిలో రోబో ఉందంటే అక్కడ గుండె ఆపరేషన్లు కూడా దానితో చేస్తారని కాదు. హైదరాబాద్ నిమ్స్ సహా చాలా ఆస్పత్రుల్లో రోబోలు ఉన్నాయి. కానీ వాటిని ఎక్కువగా వాడేది యూరాలజీ, క్యాన్సర్, పొట్ట ఆపరేషన్లకే. ప్రకటన బోర్డు చూసి కాదు, సర్జన్ అనుభవం తెలుసుకుని నిర్ణయించుకోవాలి.

డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలు

1. ఏ వాల్వ్ పాడైంది? ఆపరేషన్ ఎన్నాళ్లలోగా చేయాలి?
2. వాల్వ్-ఇన్-వాల్వ్‌కు అవకాశం ఉందా? లేకపోతే ఎందుకు లేదు?
3. సీటీ స్కాన్‌లో ఎముకకు, గుండెకు మధ్య సందు ఎలా ఉంది? తొడ రక్తనాళాలు బాగున్నాయా?
4. మీరు రెండోసారి వాల్వ్ ఆపరేషన్లు ఎన్ని చేశారు? వాటిలో రోబోతో ఎన్ని?
5. రోబోతో మొదలుపెట్టి ఛాతీ తెరవాల్సి వచ్చింది ఎందరికి?
6. ఈసారి ఏ వాల్వ్ పెడతారు? పిల్లలు కావాలనుకుంటే ఏది మేలు?
7. వార్ఫరిన్ ఎప్పుడు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఈ ప్రశ్నలు అడగడం అవమానించడం కాదు. మంచి సర్జన్ వీటికి ఓపికగా జవాబిస్తారు. పళ్లు, చిగుళ్లలో ఇన్ఫెక్షన్ ఉంటే ఆపరేషన్‌కు ముందే చూపించుకోవాలి. నోటి నుంచి రక్తంలోకి చేరే బ్యాక్టీరియా కొత్త వాల్వ్‌కు పడుతుంది. వాల్వ్ మార్చినవారు తర్వాత ఎప్పుడు పన్ను తీయించుకున్నా ముందుగా యాంటీబయాటిక్ గురించి అడగాలి.

ఇంటికి వచ్చాక: నమాజ్, రోజా, హిజామా

ఎముక కోసి చేసినవారికి అది గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటిదాకా బరువులు ఎత్తకూడదు, చేతుల మీద బలం వేసి లేవకూడదు. సజ్దాలో అదే జరుగుతుంది. కాబట్టి కుర్చీలో కూర్చుని నమాజ్ చేసుకోవచ్చు. రోబోతో చేసినవారు ఇంకా ముందే మామూలు పనుల్లో పడతారు. అయినా పక్కటెముకల దగ్గర నొప్పి కొన్నాళ్లు ఉంటుంది. డాక్టర్ సరేనన్నాకే కిందకు వంగాలి.

మెకానికల్ వాల్వ్ ఉన్నవారికి ఐఎన్ఆర్ పరీక్షే ప్రాణం. మైట్రల్ స్థానంలో మెకానికల్ వాల్వ్ ఉంటే అది సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య, అయోర్టిక్ అయితే 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. తోటకూర, పాలకూర వంటి ఆకుకూరలు మానేయనక్కర్లేదు. కానీ ఒక వారం అసలు లేకుండా, ఇంకో వారం రోజూ తింటే ఐఎన్ఆర్ తప్పుతుంది. రంజాన్‌లో తిండి వేళలు మారతాయి, నీరు తగ్గుతుంది. కాబట్టి నెల మొదలవకముందే డాక్టర్‌ను అడగాలి. ఆయన వద్దంటే రోగికి షరియత్ ఇచ్చిన సడలింపు ఉండనే ఉంది. ఉమ్రా, హజ్‌కు వెళ్లేవారు మాత్రలు, ఐఎన్ఆర్ పుస్తకం చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

హిజామా విషయంలో చాలా జాగ్రత్త అవసరం. వార్ఫరిన్ వేసుకునేవారి చర్మం మీద గాట్లు పెడితే రక్తం ఆగకపోవచ్చు. డాక్టర్‌తో మాట్లాడకుండా చేయించుకోకూడదు. ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొనే మాత్రలు, యునానీ, ఆయుర్వేద మందులు కూడా ఐఎన్ఆర్‌ను మార్చగలవు. గర్భం వచ్చిందని అనుమానం రాగానే డాక్టర్‌కు చెప్పాలి. భయంతో మాత్ర తనంతట తాను ఆపేస్తే వాల్వ్‌లో గడ్డ పడుతుంది.

ఆలస్యమే అసలు ప్రమాదం

రోబో దొరికిందా లేదా అన్నదాని కంటే, పేషెంట్ ఎంత ముందుగా వచ్చారన్నదే చాలాసార్లు ఫలితాన్ని తేలుస్తుంది. ఏడాదికోసారి ఎకో చేయించుకునేవారిలో వాల్వ్ అరుగుదల ముందే కనిపిస్తుంది. అప్పుడు స్కాన్‌లు తీసుకోవడానికి, రెండో డాక్టర్ అభిప్రాయం అడగడానికి, డబ్బు సర్దుకోవడానికి సమయం ఉంటుంది. కేథటర్, మినిమల్, రోబో, పాత పద్ధతి అన్నీ చూసి ఎంచుకునే వీలు కూడా ఉంటుంది. ఊపిరి ఆడని స్థితిలో అంబులెన్స్‌లో వస్తే ఆ వీలు మిగలదు.

ఇంట్లో పిల్లల గొంతు నొప్పిని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు, నాలుగు వారాలకోసారి ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షన్ డాక్టర్ చెప్పినన్ని ఏళ్లు మానకుండా వేయించాలి. ఆ ఇంజెక్షన్ ఖరీదు చాలా తక్కువ. అది క్రమంగా పడితే ఎందరో పిల్లలకు రెండో ఆపరేషన్ మాట అటుంచి, మొదటి ఆపరేషన్ అవసరమే రాకపోవచ్చు.